మెసోథీలియోమా టీకా: పక్కన రెండో గుంపు లేకపోతే గెలిచేసేదే

టీకా వేయించుకున్నవాళ్లలో సగంమంది 16.8 నెలలు దాటి బతికారు. వేయించుకోనివాళ్లలో సగంమంది 18.3 నెలలు దాటి బతికారు. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్‌కు, రోగి రక్తంలోంచి తీసిన కణాలతోనే తయారుచేసిన టీకాను బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ దేశాల్లో 176 మందితో పరీక్షిస్తే చివరికి తేలింది ఇదీ. పరీక్ష పేరు డెనిమ్. ఫలితాలు 2024లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

పనిచేసిన మందు వార్త అవుతుంది, పనిచేయని మందు అవదు. అందుకే ఈ కబురు మన పేపర్లలో ఎవరి కంటా పెద్దగా పడలేదు. కానీ క్యాన్సర్ మందు పనిచేసిందో లేదో అసలెలా తెలుస్తుంది అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఎందుకంటే ఈ టీకా తొలి ఫలితాలు చాలా బాగున్నాయి. అంకెల్లో మోసమేమీ లేదు, పరిశోధకులు పేరున్నవాళ్లు, వెనకున్న శాస్త్రానికి నోబెల్ కూడా వచ్చింది. అయినా పక్కన రెండో గుంపును పెట్టి కొలిచేసరికి తేడా మాయమైపోయింది.

నలభై ఏళ్ల కిందటి దుమ్ము

ఊపిరితిత్తుల మీద ఒక పలచటి పొర, ఛాతీ గోడకు లోపలివైపు ఇంకో పొర ఉంటాయి. వీటిని ప్లూరా అంటారు. రెండింటి మధ్యా కొద్దిపాటి తడి ఉంటుంది, ఊపిరి తీసినప్పుడల్లా అవి ఒకదానిమీద ఒకటి జారడానికి. మెసోథీలియోమా ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఒకచోట గడ్డ కట్టి కూర్చోదు. పొర వెంబడి పాకుతూ పోయి ఊపిరితిత్తి చుట్టూ బిగుసుకుంటుంది. అందుకే ఆపరేషన్ చేసి పూర్తిగా తీసేయడం చాలామందిలో కుదరదు.

ఆస్‌బెస్టాస్ ఒక రకం రాయి. దంచితే పిండి అవకుండా పీచులుగా విడిపోతుంది. నిప్పుకి కాలదు, చెదలు పట్టదు, తుప్పు పట్టదు, పైగా చవక. ఓడల బాయిలర్ల నుంచి బ్రేకుల దాకా, ఇంటి కప్పు దాకా దాన్ని వాడని చోటు లేదు. కంటికి కనిపించనంత సన్నటి పీచును పీల్చితే అది ఊపిరితిత్తి లోతుల్లోకి పోయి, కొంత పొర దాకా చేరుతుంది. శరీరంలో చెత్తను మింగేసే మాక్రోఫేజ్ కణాలు దాన్నీ మింగబోతాయి. పీచు వాటికన్నా పొడుగు. సగం మింగి, మిగతాది మింగలేక, లోపలున్న ఘాటు రసాయనాలను బయటికి కక్కేస్తాయి. అక్కడ వాపు మొదలవుతుంది. పీచు అరగదు, కరగదు కాబట్టి ఆ వాపు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. పక్కనున్న పొర కణాల డీఎన్‌ఏ కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. ముప్ఫై నలభై ఏళ్ల తరవాత, మనిషి ఆ పని మానేసి, రిటైరై, మనవల్ని ఆడిస్తున్న రోజుల్లో ఆయాసం మొదలవుతుంది.

ఈ లింకును గట్టిగా పట్టుకున్నది 1960లో. దక్షిణాఫ్రికాలో నార్త్ వెస్టర్న్ కేప్ ప్రాంతంలో నీలి ఆస్‌బెస్టాస్ గనులున్న చోట 33 మెసోథీలియోమా కేసులను వాగ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు వైద్య పత్రికలో ప్రచురించారు. అందులో గనుల్లో పనిచేసినవాళ్లే కాదు, గనుల పక్కన చిన్నప్పుడు పెరిగినవాళ్లూ ఉన్నారు.

నెదర్లాండ్స్‌లో ఈ జబ్బు ఎక్కువ కావడానికి ఓడలు కట్టే యార్డులు ముఖ్య కారణం. ఇంకో కారణం వింటే ఒళ్లు మండుతుంది. ఆ దేశం తూర్పున గోర్ అనే ఊళ్లో ఆస్‌బెస్టాస్ సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి వ్యర్థాన్ని చుట్టుపక్కల రైతులకు ఇచ్చేస్తే, వాళ్లు పెరళ్లలో, బండ్ల దారుల్లో పరిచి చదును చేసుకున్నారు. ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లకు దశాబ్దాల తరవాత మెసోథీలియోమా వచ్చింది. నెదర్లాండ్స్ 1993లో ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. ఆ తరవాత కూడా ఏటా దాదాపు 500 మందికి ఈ జబ్బు బయటపడుతూ వచ్చింది, నిషేధం ముందు పీల్చిన దుమ్ముకి. రాటర్‌డామ్‌లోని ఎరాస్మస్ మెడికల్ సెంటర్ డాక్టర్లు ఈ టీకా వెంట ఇన్నేళ్లు పడడానికి కారణం ఇదే. రోగులు వాళ్ల గుమ్మంలోనే ఉన్నారు.

మన సంగతికొస్తే, మనం ఇంకా నిషేధించలేదు. తవ్వకాలు ఆపించాం గానీ దిగుమతులు ఆపలేదు. ఒకప్పుడు పులివెందుల చుట్టుపక్కల ఆస్‌బెస్టాస్ తవ్వేవాళ్లు. ఇప్పుడు రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్‌ల నుంచి వస్తుంది. ప్రపంచంలో దీన్ని ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో మనది ముందువరస. అందులో పెద్ద వాటా ఇళ్లకి, షెడ్లకి, కోళ్ల ఫారాలకి వేసే సిమెంటు రేకులకే పోతుంది. కప్పు మీద కదలకుండా ఉన్న రేకు నుంచి పీచు లేచేది తక్కువ. రంపంతో కోసినప్పుడు, డ్రిల్లు పెట్టినప్పుడు, తుఫానుకి పగిలిన రేకుల్ని ముక్కలు కొట్టి గోతుల్లో పోసినప్పుడు లేస్తుంది. మనం వాడే తెల్ల ఆస్‌బెస్టాస్ సురక్షితం అని వ్యాపారులు చెబుతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ క్యాన్సర్ కారకాల్లోనే పెట్టింది.

1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. నలభై ఏళ్లు ఎందుకో పైన చదివినవాళ్లకి అర్థమయ్యే ఉంటుంది. పైగా మన దగ్గర ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందంటే డాక్టరు మొదట అనుమానించేది టీబీని. అది సహజం, టీబీ అంత ఎక్కువ కాబట్టి. కానీ పాతికేళ్ల వయసులో ఎక్కడ ఏం పని చేశారని అరవై ఐదేళ్ల మనిషిని అడిగేవాళ్లు తక్కువ.

ఉన్న చికిత్స ఎంత

2003 నుంచి చాలాకాలం వాడుకలో ఉన్న కీమో సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ జంట. ఆ పరీక్షలో ఒక్క సిస్‌ప్లాటిన్ ఇచ్చినవాళ్ల సగటు ఆయుష్షు 9.3 నెలలు, రెండూ ఇచ్చినవాళ్లది 12.1 నెలలు. (ఇక్కడా, ఈ వ్యాసం అంతటా సగటు అంటే మీడియన్: సగంమంది అంతకన్నా ఎక్కువ, సగంమంది తక్కువ.) ఆ 12.1 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

రక్షణ దళానికి ఆనవాలు చూపించే కణం

టీకా అనగానే జబ్బు రాకుండా వేసుకునేది అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. జబ్బు వచ్చేశాక వేసేది. శరీరంలోని రోగనిరోధక కణాలకు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడం నేర్పించాలన్నది ఉద్దేశం.

ఆ నేర్పే పని శరీరంలో డెండ్రిటిక్ కణాలది. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ వీటిని కనిపెట్టారు. చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో తిరుగుతూ, కనబడిన పరాయి పదార్థాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తమ ఒంటిపైన ప్రదర్శనకు పెట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వెళతాయి. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళే లింఫ్ గ్రంథి. అక్కడ కాచుకుని ఉన్న టీ కణాలనే తెల్లకణాల్లో ఆ ముక్కకి సరిపోయేది తగిలితే, అది వేలకు వేలుగా పెరిగి వేటకు బయల్దేరుతుంది.

క్యాన్సర్ రోగిలో ఈ వరస తప్పుతుంది. కణితి తన చుట్టూ విడుదల చేసే రసాయనాలు డెండ్రిటిక్ కణాల్ని మొద్దుబారుస్తాయి. మరి వాటిని బయటికి తీసి, కణితి ప్రభావం లేనిచోట తర్ఫీదు ఇచ్చి, మళ్లీ లోపలికి పంపితే? ఈ టీకా ఆలోచన మొత్తం ఇదే.

స్టైన్‌మన్ దీన్ని తన మీదే ప్రయోగించుకున్నాడు. 2007లో ఆయనకు పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. సాధారణంగా నెలల్లో ముగిసే జబ్బు. కీమోతో పాటు, తన సొంత డెండ్రిటిక్ కణాలతో చేసిన టీకాలతో సహా రకరకాల ప్రయోగ చికిత్సలు తీసుకుని నాలుగున్నరేళ్లు బతికాడు. 2011 సెప్టెంబరు 30న పోయాడు. మూడు రోజుల తరవాత, అక్టోబరు 3న, ఆయనకు నోబెల్ ప్రకటించారు. ఆయన పోయిన సంగతి అప్పటికి కమిటీకి తెలియదు. చనిపోయినవాళ్లకి నోబెల్ ఇవ్వకూడదన్న నియమం ఉన్నా, తెలియక ఇచ్చింది కాబట్టి వెనక్కి తీసుకోలేదు.

ఇంత గొప్ప కథ విన్నాక టీకా ఆయన్ని బతికించిందని అనాలనిపిస్తుంది. అనలేం. కీమో పనిచేసిందో, టీకా పనిచేసిందో, ఆయన కణితి స్వభావమే నెమ్మదో తెలుసుకునే దారి లేదు. అది ఒక్క మనిషి మీద ఒక్కసారి జరిగిన ప్రయోగం.

టీకా తయారయ్యే తీరు

రోగిని మంచం మీద పడుకోబెట్టి, చేతిలోంచి రక్తం తీసి ఒక యంత్రం గుండా పంపుతారు. యంత్రం తెల్లకణాల్ని పక్కకి లాగి మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తుంది. డెంగీ రోగి కోసం ప్లేట్‌లెట్లు ఇచ్చినవాళ్లకి ఈ తతంగం తెలుసు. దాదాపు ఆ యంత్రమే, తీసుకునే కణాలు వేరు. రెండు మూడు గంటలు పడుతుంది.

డెండ్రిటిక్ కణాలు రక్తంలో చాలా తక్కువ. అందుకని మోనోసైట్లు అనే కణాల్ని వేరుచేసి, ల్యాబులో రెండు ప్రోటీన్లు కలిపిన ద్రవంలో పెంచితే కొద్దిరోజుల్లో అవే డెండ్రిటిక్ కణాలుగా మారతాయి. అప్పుడు వాటికి క్యాన్సర్ ముక్కలు తినిపిస్తారు. తరవాత పరిపక్వం చేసే మందులు కలుపుతారు. ఇది చేయకపోతే కణం ముక్కను చూపిస్తుంది గానీ హెచ్చరిక ఇవ్వదు, దాంతో టీ కణాలు దాడి చేయడం మాని సర్దుకుపోవడం నేర్చుకుంటాయి. చివరికి డోసులుగా విడగొట్టి, గడ్డకట్టించి దాచిపెడతారు. ఒక్క రోగి కోసం, ఒక్క శుభ్రమైన గదిలో, వారం పైచిలుకు పని. ఇంకొకరికి పనికిరాదు.

తినిపించే క్యాన్సర్ ముక్కలు ఎక్కడివి అన్నది ఈ కథలో పెద్ద మలుపు. మొదట్లో రాటర్‌డామ్ బృందం రోగి సొంత కణితినే వాడింది. పూర్తిగా వ్యక్తిగతమైన టీకా అంటే అదే. కానీ పొరలా పాకే ఈ క్యాన్సర్ నుంచి సరిపడా కండ తీయడం కష్టం. కొందరిలో తీసింది చాలదు, కొందరిలో అందులో క్యాన్సర్ కణాలు తక్కువ. దాంతో ఎందరికో టీకా చేయడానికే వీల్లేకపోయింది. అందుకని వేరే రోగుల నుంచి వచ్చిన ఐదు మెసోథీలియోమా కణజాతుల్ని ల్యాబులో పెంచి, చంపి, పగలగొట్టి అందరికీ ఒకే మిశ్రమం తయారుచేశారు. కణాలు రోగివే, పాఠం మాత్రం అందరికీ ఒకటే. పనికి వీలైన నిర్ణయమే. కాకపోతే ఈ రోగి కణితికి మాత్రమే ప్రత్యేకమైన ఆనవాళ్లు ఆ మిశ్రమంలో ఉండవు. పైగా మెసోథీలియోమాలో డీఎన్‌ఏ మార్పులు మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) లాంటి క్యాన్సర్లతో పోలిస్తే తక్కువ. అంటే రోగనిరోధక శక్తికి పరాయిగా కనిపించే గుర్తులే తక్కువ.

పది, పది, తొమ్మిది

మొదటి పరీక్షలో 10 మంది. 2010లో ఫలితాలు వచ్చాయి: టీకా సురక్షితం, కొందరిలో రోగనిరోధక స్పందన కనిపించింది. రెండోదానిలో మళ్లీ 10 మంది, టీకాతో పాటు, దాడిని అణిచే నియంత్రణ టీ కణాల్ని తగ్గించడానికి చిన్న మోతాదులో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు. 2016లో రాసిన ప్రకారం ఆ 10 మందిలో 7గురు రెండేళ్లకు పైగా బతికారు. ఇద్దరు 50 నెలలు, 66 నెలలు దాటి ఇంకా బతికే ఉన్నారు. మూడోదానిలో 9 మంది, ఈసారి ఐదు కణజాతుల మిశ్రమంతో. ఇద్దరిలో కణితి చెప్పుకోదగ్గంత తగ్గింది. దాదాపు 23 నెలలు గమనించాక కూడా సగంమందికి పైగా బతికే ఉన్నారు.

12.1 నెలల జబ్బులో ఇవి. ఆ స్థానంలో ఏ డాక్టరున్నా ఉత్సాహపడతాడు. రోగి కొడుకో కూతురో అయితే ఇల్లు తాకట్టు పెట్టైనా వేయిద్దామంటారు.

కానీ ఈ 29 మందీ ఎవరు? టీకా తయారయ్యేదాకా ఆగగలిగినవాళ్లు. లేచి తిరగగలిగినవాళ్లు. యంత్రానికి కణాలు ఇవ్వగలిగినంత ఆరోగ్యం ఉన్నవాళ్లు. చాలామంది కీమో తట్టుకుని, జబ్బు పెరగకుండా నిలబడ్డవాళ్లు. జబ్బు ఉరకలేస్తున్నవాళ్లు ఈ దశకి రానేరారు. తిరుమల కొండకి మెట్లదారిలో నడిచి వెళ్లేవాళ్లకు మోకాళ్ల పర్వతం దగ్గర నిలబడి మజ్జిగ పంచామనుకోండి. మన మజ్జిగ తాగినవాళ్లలో నూటికి తొంభై మంది కొండెక్కారు, అలిపిరిలో బయల్దేరినవాళ్లలో అంతమంది ఎక్కలేదు, కాబట్టి ఇది మజ్జిగ మహిమ అంటే ఎవరైనా నవ్వుతారు. అక్కడిదాకా వచ్చినవాడు ఎలాగూ ఎక్కేవాడే. క్యాన్సర్ చికిత్సలో అదే మాట అంటే మాత్రం ఎవరూ నవ్వరు, ఎందుకంటే అలిపిరి దగ్గర ఆగిపోయినవాళ్లు కళ్లకి కనిపించరు.

డెనిమ్‌ను ఎలా కట్టారు

అందుకే కీమో ముగిసి, జబ్బు పెరగనివాళ్లనే తీసుకుని, వాళ్లలోనే లాటరీ వేశారు. యొఆకిమ్ ఆర్ట్స్ అనే ఊపిరితిత్తుల డాక్టరు నాయకత్వంలో 2018 జూన్ నుంచి 2021 జూన్ దాకా 176 మందిని చేర్చుకున్నారు. 88 మందికి టీకా, నొప్పికీ ఆయాసానికీ కావలసిన సాధారణ వైద్యం. మిగతా 88 మందికి ఆ సాధారణ వైద్యం మాత్రమే. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది రోగి ఎంచుకోలేదు, డాక్టరు ఎంచుకోలేదు, కంప్యూటరు ఎంచింది. ఈ క్యాన్సర్‌లో ఎపితీలియాయిడ్ అనే రకం కాస్త మెతక, మిగతావి మొండివి కాబట్టి, ఆ రకాలు రెండు గుంపుల్లోనూ సమంగా పడేలా చూసుకున్నారు.

టీకా గుంపుకి ఒక్కో డోసులో 2.5 కోట్ల కణాలు. మూడింట రెండొంతులు నరంలోకి, ఒక వంతు చర్మంలోకి. రెండేసి వారాల తేడాతో మూడు డోసులు, నెలల తరవాత ఇంకో రెండు, మొత్తం ఐదు.

రెండో గుంపుకి ఉత్తుత్తి టీకా వేయలేదు. తమకు టీకా పడిందో లేదో రోగులకి తెలుసు. ఇది లోపమే. అయితే ఉత్తుత్తి టీకాలోనూ చిక్కుంది. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఇదే తరహాలో సొంత కణాలతో చేసే ప్రొవెంజ్ అనే మందుంది. దాని పరీక్షలో కంట్రోల్ గుంపు, అంటే పోల్చడానికి పెట్టిన రెండో గుంపు నుంచి కూడా కణాలు తీసి, కొంత భాగమే తిరిగి ఎక్కించారు. వయసు మళ్లినవాళ్ల నుంచి తెల్లకణాలు తీసేయడమే వాళ్లకి చేటు చేసి, మందు బాగా పనిచేసినట్టు కనబడిందేమోనని కొందరు పరిశోధకులు తరవాత ప్రశ్నలు లేపారు. డెనిమ్ వాళ్లు ఆ గొడవలోకి పోకుండా ప్రధాన కొలతగా మరణాన్నే పెట్టుకున్నారు. నొప్పి తగ్గిందా, నీరసం తగ్గిందా అన్న ప్రశ్నలకి జవాబు మనసుని బట్టి మారొచ్చు. మనిషి ఎన్ని నెలలు బతికాడన్నది మారదు.

అంకెలు చదవడం

టీకా గుంపు 16.8 నెలలు, కంట్రోల్ గుంపు 18.3. చూడగానే టీకా హాని చేసిందేమో అన్న టెన్షన్ వస్తుంది. లేదు. రెండు గుంపుల్లో మరణాల వేగాన్ని పోల్చే నిష్పత్తిని హజార్డ్ రేషియో అంటారు. 1 అయితే రెండూ సమానం, తక్కువైతే టీకా మేలు. డెనిమ్‌లో అది 1.10. కానీ 176 మందితో వచ్చిన అంచనాకి కొంత అటూ ఇటూ ఉంటుంది, అది ఇక్కడ 0.77 నుంచి 1.57 దాకా. 1 అనేది మధ్యలోనే ఉంది కాబట్టి మేలు చేసిందని, కీడు చేసిందని రెండూ చెప్పలేం. భద్రత విషయంలో టీకా మాట నిలబెట్టుకుంది. ఎక్కించినప్పుడు జ్వరం, చలి లాంటి రియాక్షన్లు వచ్చాయి గానీ టీకా వల్ల మరణాలేవీ లేవు.

ఇప్పుడు ఆ 12.1ని బయటికి తీద్దాం. కంట్రోల్ గుంపు లేకుండా 88 మందికి టీకా వేసి 16.8 నెలలు అని ప్రకటించి ఉంటే? 2003 నాటి 12.1తో పోల్చి నాలుగున్నర నెలలకు పైగా ఎక్కువ అని రాసేవాళ్లు. నిజానికి ఇంకా గొప్పగా కనిపించేది, ఎందుకంటే 12.1లో గడియారం కీమో మొదలయ్యేటప్పుడే తిరగడం మొదలైంది, డెనిమ్‌లో కీమో ముగిశాక లాటరీ వేసిన రోజు నుంచి. ఆ కీమో నెలలు కూడా కలిపితే ఏడాదిన్నర దాటి, రెండేళ్ల వైపు నడుస్తుంది. కంట్రోల్ గుంపు 18.3 నెలలు బతకడం వల్లే తెలిసింది, ఎక్కువకాలం బతకడం టీకా ఘనత కాదు, కీమో గడప దాటి వచ్చినవాళ్ల గట్టితనం అని.

టీకా వేయించుకోని ఆ 88 మంది రోగుల మాట తలుచుకోవాలనిపిస్తుంది. నెలలు లెక్కపెట్టుకుంటున్న స్థితిలో, లాటరీలో తమకి టీకా రాలేదని తెలిసి కూడా స్కాన్‌లకీ రక్తపరీక్షలకీ వస్తూనే ఉన్నారు. ఈ పరీక్షలో మనకి దక్కిన అసలు సమాచారం వాళ్లది.

ఎందుకు పనిచేయలేదు

ఖాయంగా ఒక్క కారణం చూపించలేం. బలంగా వినిపించేది ఇది. టీకా టీ కణాల్ని తయారుచేసి పంపడం దాకా చేయగలదు. అవి కణితి దగ్గరికి వెళ్లాక ఏమవుతుందన్నది దాని చేతిలో లేదు. చాలా క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పైకి చూపిస్తాయి. అది టీ కణం మీదున్న పీడీ-1ని తాకగానే టీ కణం చల్లబడిపోతుంది. మెసోథీలియోమా కణితిలో పైగా దాడిని అడ్డుకునే మాక్రోఫేజ్‌లు గుంపులుగా ఉంటాయి. మందుల్ని మొదట పరీక్షించే ఎలుకల్లో పెంచిన కణితి కొన్ని వారాల వయసుది. మనిషిలోది ఏళ్ల తరబడి రోగనిరోధక శక్తిని తప్పించుకోవడం నేర్చిన రకం. ఎలుకలో గెలిచి మనిషిలో ఓడిపోయిన మందుల జాబితా అందుకే అంత పొడుగు.

పరీక్ష నడుస్తుండగానే ఇంకో మార్పు జరిగింది. పీడీ-1ని అడ్డుకునే నివోలుమాబ్, ఇంకో బ్రేకు సీటీఎల్‌ఏ-4ని తీసేసే ఇపిలిముమాబ్ మందులు కలిపి మెసోథీలియోమాకి ఇస్తే, 605 మంది పరీక్షలో కీమో గుంపు 14.1 నెలలకు, ఈ జంట గుంపు 18.1 నెలలకు చేరింది. 2020 అక్టోబరులో అమెరికా అనుమతించింది, 2021 మధ్యలో యూరప్. అంటే డెనిమ్ చివరి రోగిని చేర్చుకునే రోజులకే మొదటి వరస చికిత్స మారిపోయింది. ఈ మందులు రోగి సొంత కణాలతో పనిలేకుండా సీసాలో వస్తాయి. వారం పైచిలుకు ల్యాబు పని అక్కర్లేదు.

ఇప్పుడు పరిశోధకులు అనేది రెండూ కలపాలని: టీకా టీ కణాల్ని పుట్టిస్తుంది, నివోలుమాబ్ లాంటి చెక్‌పాయింట్ మందు వాటి బ్రేకు తీస్తుంది. డెనిమ్ బృందం కూడా తన వ్యాసంలో ఆ దిశనే చూపించింది. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఇంకో బృందం కణితి ముక్కలకు బదులు, మెసోథీలియోమాలో ఎక్కువగా కనిపించే డబ్ల్యూటీ1 అనే ప్రోటీన్ తాలూకు ఎమ్మార్‌ఎన్‌ఏను డెండ్రిటిక్ కణాల్లోకి ఎక్కించి, కీమోతో కలిపి మొదటి దశలోనే ఇచ్చి చూసింది. ఆ తరవాత చెక్‌పాయింట్ మందును కూడా జోడించింది. వాదన బాగుంది. కాకపోతే ఇలాంటి చక్కటి వాదన డెనిమ్‌కి ముందు కూడా ఉంది. కొత్త జంటకి ఇకమీద కంట్రోల్ గుంపు ఏమీ తీసుకోనివాళ్లు కారు, చెక్‌పాయింట్ మందులు తీసుకునేవాళ్లు. పోటీ పెరిగింది.

డెండ్రిటిక్ టీకాలు ఎక్కడా గెలవలేదని కాదు. ప్రొవెంజ్‌కు 512 మంది పరీక్షలో 21.7 నెలలకు బదులు 25.8 నెలలు వచ్చి, 2010లో అమెరికా అనుమతి దొరికింది. అప్పట్లో మూడు డోసుల కోర్సు ధర 93,000 డాలర్లు. నాలుగు నెలల లాభానికి ఆ ధర, రోగి రోగికీ విడిగా చేసే కష్టం, ఈలోగా పోటీగా వచ్చిపడ్డ మాత్రలు, అన్నీ కలిసేసరికి దాన్ని తయారుచేసిన కంపెనీ 2014లో దివాలా పిటిషన్ వేసింది.

ఎవరైనా అమ్మజూపితే

డెండ్రిటిక్ సెల్ థెరపీ పేరుతో డబ్బు తీసుకుని చికిత్స చేసే ప్రైవేటు క్లినిక్‌లు చాలా దేశాల్లో ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. మీ రక్తం, మీ కణాలు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు అన్న మాటలు వినగానే మనసు మెత్తబడుతుంది. సైడ్ ఎఫెక్ట్స్ పెద్దగా లేకపోవడం డెనిమ్‌లో కూడా నిజమే. దానివల్ల ఆయుష్షు పెరగలేదు. రెండూ వేరువేరు సంగతులు.

అలాంటి చోట అడగాల్సింది మీ దగ్గర ఎంతమందికి తగ్గింది అని కాదు. దానికి వాళ్ల దగ్గర ఫొటోలతో సహా జవాబుంటుంది. ఇదే దశలో ఉండి ఇది తీసుకోనివాళ్లతో పోల్చారా, పోలిస్తే ఎక్కడ ప్రచురించారు అని అడగాలి. ఇది పరీక్షలో భాగం అంటే, సీటీఆర్‌ఐ నంబరు అడగాలి. మనుషుల మీద జరిగే మందుల పరీక్షల వివరాలు 2007లో మొదలైన ఈ ప్రభుత్వ జాబితాలో ఉంటాయి, 2009 నుంచి ఇందులో నమోదు తప్పనిసరి. ఆ నంబరుతో ఇంటర్నెట్‌లో వెతికితే పరీక్ష ఏ దశలో ఉంది, ఎంతమందిని తీసుకుంటున్నారు, కంట్రోల్ గుంపు ఉందా లేదా అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల రోగికి హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాల్సింది, పరిహారం ఇవ్వాల్సింది పరీక్ష నడిపేవాళ్లే. నంబరు లేదంటే అది పరీక్ష కాదు, అమ్మకం.